చదివి వినిపించిన కాగితం

ఆదివారం పొద్దున గంజి తాగడం అయ్యాక ఫాయ్ బల్ల తుడిచి, తడి ఆరేదాకా ఆగి, కాగితాలు పరిచింది.

"ఏంటే అవి?" అని అడిగింది లమున్. కాగితం చప్పుడును బట్టి అది ఇంట్లో ఉండే చిత్తుకాగితం కాదని ఆమెకు తెలిసిపోయింది. దళసరిగా, కొత్త నోటులా పెళపెళమంటోంది.

"మన బిల్డింగు మీటింగువమ్మా. నీళ్ళ పంపులు మార్చాలా వద్దా అని ఓట్లు పెడుతున్నారు. నువ్వు పనిలో ఉంటావుగా. నీ బదులు నేను వెళ్ళి చెయ్యెత్తడానికి."

"చదువు."

ఫాయ్ చదివింది. "ఎనిమిదో అంతస్తు, పధ్నాలుగో నంబరు ఫ్లాటు యజమానురాలినైన లమున్ అనే నేను, నా కూతురు కనిత్తాకు, యజమానుల సమావేశంలో నా తరపున హాజరై ఓటు వేసే అధికారం ఇస్తున్నాను. ఆమె చేసిన నిర్ణయం నేను చేసినట్టే." కాగితాల మీద ఫాయ్ పేరు కనిత్తా. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. ఆ పిల్లకు అక్షరాలు వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితమూ ఆ గొంతులోంచే లమున్ చెవిన పడింది. బస్సు నంబర్లు, మందు సీసాల మీద రాతలు, కరెంటు బిల్లులు, చివరికి ఈ ఇంటి పత్రం కూడా.

లమున్ తన ప్లాస్టిక్ అట్ట తీసుకుంది. దానికి మధ్యలో వేలెడంత కిటికీ కోసి ఉంటుంది. ఫాయ్ ఆ అట్టను గీత మీద సరిగ్గా పెట్టి, తల్లి చూపుడు వేలును కిటికీ అంచుకు ఆనించింది. లమున్ ఆ కిటికీలో పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసింది.

"ఇంకోటి. ఇదిగో, ఇక్కడ. ఆ, ఇంకొకటి నీ కార్డు నకలు మీద."

"పంపులకు ఇన్ని సంతకాలా?"

"ఏం చేస్తామమ్మా. కుళాయి విప్పాలన్నా మూడు సంతకాలు అడుగుతారు వీళ్ళు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫాయ్ కాగితాలు సర్దుకుని, తల్లి తలమీద ముక్కు ఆనించి ఒకసారి వాసన పీల్చి, గిన్నెలు కడగడానికి లేచింది.

సోమవారం సాయంత్రం లమున్ పని నుంచి ఎప్పటిలాగే నడిచి వచ్చింది. మాలీషు కొట్టు స్టేషను మెట్ల కింద, ఇల్లు రెండు సందుల అవతల. పది నిమిషాల నడక. బొప్పాయి పచ్చడి దంచే రోటి చప్పుడు ఎడమ చెవికి రాగానే కుడికి తిరగాలి. అరటికాయలు కాల్చే బొగ్గుల సెగ చెంపకు తగిలితే సందు పొడుగునా ఉండే గోడ అయిపోయినట్టు. అక్కడినుంచి బిల్డింగు గేటు దాకా పేవుమెంటు సాఫీగా ఉంటుంది, ఒక్క చెట్టు వేరు తప్ప.

"అక్కా, ఇవాళ తొందరగా వచ్చావే," అన్నాడు అరటికాయల మనిషి. తర్వాత ఏదో అనబోయి ఆగాడు. "రెండు తీసుకెళ్ళు. ఊరికే."

"ఊరికే ఎందుకయ్యా? కాలిపోయినవా?"

"కాదులే. తిను."

ఇంట్లో అడుగు పెట్టి చెప్పులు విడిచి, కిటికీ వైపు నాలుగడుగులు వేసేసరికి ఆమె మోకాలు ఠంగుమని దేనికో తగిలింది. వంటబల్ల కింద ఉండాల్సిన పీట నడవలో ఉంది. మోకాలు పట్టుకుని దాని మీదే కూర్చుండిపోయింది. కళ్ళు పోయిన దగ్గర్నుంచీ ఆమె తన ఇంట్లో తాను దెబ్బ తగిలించుకున్నది ఇదే మొదటిసారి. అలా కూర్చున్నప్పుడు ముక్కుకు ఒక వాసన తగిలింది. నొప్పుల నూనె. కర్పూరం ఎక్కువ వేసి, పల్లెల్లో ఇళ్ళలో కాచుకునే రకం. తమ కొట్టులో వాడేది కాదు.

ఫాయ్ ఏడింటికి వచ్చింది. పంటి డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చునే ఉద్యోగం ఆమెది, బట్టలకు ఎప్పుడూ లవంగం వాసన ఉంటుంది.

"ఎవరన్నా వచ్చారా ఇంటికి?"

"ఎవరొస్తారు? మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఊడ్చాను. పీట అక్కడే వదిలేశానా? అయ్యో, చూపించు."

నేల మీద కూర్చుని, తల్లి మోకాలిని తన ఒళ్ళోకి తీసుకుని, మందు రాసింది. చాలాసేపు రాసింది. ఆ వేళ్ళకు మాలీషు రాదు, ఎంత నేర్పినా రాలేదు. అయినా లమున్‌కు హాయిగానే ఉంది.

మంగళవారం పదకొండింటికి కొట్టులో ఆమె వంతు వచ్చింది. మాలీషు చేసే ఐదుగురిలో నలుగురు చూపు లేనివాళ్ళే. కౌంటరు అమ్మాయి ఒక మనిషిని తీసుకొచ్చి రెండో పరుపు మీద పడుకోబెట్టి, "పిన్నీ, ఈవిడ నీ పేరే అడిగి వచ్చారు. మోకాళ్ళ నొప్పులట," అంది.

లమున్ వంగి నమస్కారం పెట్టి పరుపు పక్కన మోకరిల్లింది. వాసన తెలిసింది. కర్పూరం ఎక్కువ వేసిన నూనె.

పాదాల దగ్గర మొదలుపెట్టింది. మడమ పట్టుకుని, బొటనవేళ్ళతో అరికాలి మధ్యనుంచి నొక్కుకుంటూ పైకి పోతోంది. ఒక్కో చోట పది అంకెలు లెక్కపెట్టి వదలడం ఆమె పద్ధతి.

"చాలా ఏళ్ళు నిలబడి పనిచేసినట్టున్నారు," అంది.

"ముప్పై ఆరేళ్ళు. నల్లబల్ల ముందు." నవ్వింది ఆవిడ. పెద్దామె గొంతు, కానీ ప్రతి మాటా విడివిడిగా పలుకుతోంది. "నా పేరు వాన్‌ఫెన్. లోపబురి వైపు ఒక పల్లెలో టీచర్ని. ఇప్పుడు కాదులే."

"గట్టిగా నొక్కనా, టీచరుగారూ?"

"పిక్క దగ్గర కాస్త నెమ్మది." పరుపు మీద కాస్త కదిలింది. "చెల్లెమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మిమ్మల్ని కదిలించొద్దని ఏజెంటు మరీ మరీ చెప్పాడు. కానీ ఈ వయసులో కొంటున్నాను కదా, మనసు ఆగలేదు. ఇంత మంచి ఇల్లు ఎందుకు అమ్ముతున్నారు?"

లమున్ వేళ్ళు కుడి పిక్క మీద ఆరో అంకె దగ్గర ఉన్నాయి. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది. వదిలి, రెండంగుళాలు పైకి జరిపింది.

"ఏ ఇల్లండీ?"

"మీదే. ఎనిమిదో అంతస్తు. బాల్కనీలో మిరపమొక్క ఉన్నదీ. నిన్న కూడా వచ్చానుగా వంటగది కొలతలు తీసుకోవడానికి. మీ అమ్మాయే తలుపు తీసింది. పై నుంచి నీళ్ళేమన్నా కారతాయా, పక్కవాళ్ళు గొడవ మనుషులా, అవి అమ్మేవాళ్ళ నోట వింటేనే నాకు నమ్మకం."

ఒకటి. రెండు. మూడు.

"కారవు," అంది లమున్. "వానాకాలంలో బాల్కనీ గడప మాత్రం తడుస్తుంది, పాత బట్ట వేస్తే చాలు. పక్కింట్లో తండ్రీ కొడుకూ ఉంటారు. నెమ్మదిపరులు. శనివారం చేపలు వేయిస్తారు."

"హమ్మయ్య."

"మీరెందుకు కొంటున్నారు?"

"మా ఊళ్ళో ఉప్పు పొట్లం కావాలన్నా కారు తియ్యాలి. నా కళ్ళకు మసక కమ్ముతోంది. పోయిన ఏడు కుక్కను గుద్దబోయి, ఆ రోజే తాళం చెవులు తమ్ముడికి ఇచ్చేశాను. అప్పట్నించి ఎవరు తీసుకెళ్తే అక్కడికి. మీ పేటలో రెండు రోజులు నడిచి చూశాను చెల్లెమ్మా. ఆసుపత్రి, కూరలు, బ్యాంకు, గుడి, అన్నీ కాలికి అందేలా ఉన్నాయి. చూపు పోయినా ఇక్కడ బతకొచ్చు అనిపించింది." అని, నాలిక్కరుచుకున్నట్టు ఆగింది. "క్షమించండి. మీ ముందు అనాల్సిన మాట కాదు."

"నిజమేగా," అంది లమున్.

"మీరు మాత్రం ఊరవతలికి వెళ్తున్నారటగా. అల్లుడు కొన్న కొత్త ఇంటికి. కింద మీకో గది. చెట్లూ, గాలీ బాగుంటాయని అమ్మాయి చెప్పింది. ఇన్నేళ్ళు కష్టపడ్డారు, ఇక కూర్చోబెట్టి చూసుకుంటానంది. అదృష్టవంతులు."

"ఊఁ."

"ఎల్లుండి పదింటికి రిజిస్ట్రేషన్. మీరు రాలేరని అమ్మాయికి అధికారం రాసిచ్చారటగా, మిమ్మల్ని అక్కడ చూడలేను కదా, అందుకే ఇవాళ వచ్చాను."

దళసరి కాగితం. మూడు సంతకాలు. లమున్ ఎడమ కాలికి మారింది. గంట మాలీషులో ఒక్క చోటు వదలకుండా చేసింది. చివర్లో ఆవిడను లేపి కూర్చోబెట్టి, భుజాలు వెనక్కి వంచి, వీపు తట్టింది. తన కూతురు తనకు చెప్పలేదన్న మాట పరాయివాళ్ళ ముందు ఎలా అనాలో ఆమెకు తెలియలేదు. ఆ మాటకు నోట్లో ఆకారమే రాలేదు. టీచరు వెళ్ళాక చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళి, నీళ్ళు పారుతున్నా చేతులు కింద పెట్టకుండా నిలబడిపోయింది.

"లమున్, కుళాయి," అన్నాడు పక్కన బట్టలు మడతపెడుతున్న చలోమ్. అతనూ చూపులేని మనిషే, ఆమెకంటే పదేళ్ళు చిన్న.

"ఆ," అని కట్టేసింది.

నాలుగింటికే బయల్దేరింది. గేటు లోపల కుడివైపు బిల్డింగు ఆఫీసు. ఏసీ చల్లదనం, కాఫీ వాసన. నుచ్ అనే అమ్మాయి అక్కడ లెక్కలు, తాళాలు చూస్తుంది.

"నుచ్, పంపుల ఓటింగు మీటింగు ఎన్నో తారీఖు?"

"పంపులా? అలాంటిదేం లేదే పిన్నీ. మీటింగు మార్చిలో అయిపోయిందిగా. మళ్ళీ వచ్చే ఏడే."

"సరే."

"మీ బాకీ లేదన్న కాగితం ఫాయ్ శుక్రవారమే తీసుకెళ్ళింది, ఇంకేం అడ్డు లేదు. అది లేకపోతే అమ్మకం జరగనివ్వరుగా." నుచ్ కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చింది. ఆమె చెయ్యి లమున్ చెయ్యి మీద పడింది. "నాకు ఎంత బాధగా ఉందో. చెబుదామనే అనుకున్నా. ఫాయ్ వద్దంది. అమ్మ ముందు ఆ మాట ఎత్తకండి, ఎత్తితే ఏడుస్తుంది అని అందరికీ చెప్పింది."

"అందరికీ అంటే?"

"వాచ్‌మన్‌కి, కింద లాండ్రీ ఆవిడకి, బయట అరటికాయల మావయ్యకి..."

లమున్ ఆ చెయ్యి కింద నుంచి తన చెయ్యి నెమ్మదిగా తీసుకుంది. ఎన్ని రోజులుగా ఈ సందులో తనను చూసి మాట మింగేశారో. రోజూ పేరు పెట్టి పలకరించే గొంతులన్నీ ఒక్కొక్కటే చెవిలో తిరిగాయి. ఉచితంగా ఇచ్చిన అరటికాయలు నిన్న ఆమె సంతోషంగా తినేసింది.

ఆ సాయంత్రం ఫాయ్ అన్నం, గుడ్డు వేపుడు, తోటకూర చేసింది. తినేదాకా లమున్ ఏమీ ఎత్తలేదు. కూతురు గ్లాసులో ఐసు వేసే చప్పుడు, చెంచా పళ్ళేనికి తగిలే చప్పుడు, మధ్యలో ఫోనులో కాబోయే అల్లుడు వుత్‌తో నవ్వుతూ రెండు ముక్కలు. ఆ పిల్లలో ఏదో మారి ఉంటుందని చెవి పెట్టింది. ఏమీ మారలేదు.

"ఆదివారం సంతకం పెట్టిన కాగితం ఉందా ఇంకా?"

"ఉంది. ఎందుకు?"

"మళ్ళీ ఒకసారి చదువు. ఓటు ఎటు వెయ్యాలో ఆలోచించుకుంటా."

చిన్న విరామం. ఎంత చిన్నదంటే, ఇంకొకరైతే గమనించరు. బీరువా సొరుగు తెరుచుకుంది. కాగితం పెళపెళమంది. ఫాయ్ ఎదురుగా కూర్చుంది.

లమున్ మనసులో ఒకటే మాట అనుకుంది. ఇప్పుడు చెప్పేస్తే చాలు. ఎందుకు చేశావని కూడా అడగను.

"ఎనిమిదో అంతస్తు, పధ్నాలుగో నంబరు ఫ్లాటు యజమానురాలినైన లమున్ అనే నేను," అని మొదలుపెట్టింది ఫాయ్. ఆదివారం చదివిన మాటలే, అదే వరసలో. సమావేశం. హాజరు. ఓటు. కాగితం మీద లేని వాక్యాలను వేలితో గీత వెంట జరుపుతూ చదువుతోంది. వేలిగోరు కాగితాన్ని రాసుకుంటున్న సన్నని చప్పుడు లమున్‌కు వినపడుతూనే ఉంది.

"తారీఖు ఉందా?"

"ఇరవై ఎనిమిది. శనివారం సాయంత్రం."

"పంపులకు ఎంతవుతుందో రాశారా?"

"అది వేరే కాగితంలో ఇస్తారటమ్మా."

"ఇంకేమన్నా ఉందా, చదవాల్సింది?"

"లేదమ్మా. అంతే."

"సరే. లోపల పెట్టెయ్."

ఫాయ్ లేచి వెళ్ళి, తిరిగొచ్చి, తల్లి మోకాలికి మళ్ళీ మందు రాయబోయింది. లమున్ కాలు ముడుచుకుంది. "తగ్గిపోయింది," అంది.

బుధవారం మధ్యాహ్నం పనిలేని వేళ ఆమె చలోమ్ పక్కన కూర్చుని, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎలా వెళ్ళాలని అడిగింది. చలోమ్ నగరమంతా తిరిగే మనిషి, ప్రతి స్టేషనులో ఎటువైపు మెట్లు కదులుతాయో నోటికి చెబుతాడు.

"రైలెక్కి మూడో స్టేషను. రెండో నంబరు దారిలో దిగు. కింద మోటారు సైకిళ్ళ వాళ్ళుంటారు, నారింజ చొక్కాల వాళ్ళు. నీకు నారింజ కనపడదులే, వాళ్ళ కేకలు వినపడతాయి." నవ్వాడు. "ఒక్కదానివే ఎందుకు? ఫాయ్ రాదా?"

"ఫాయ్ అక్కడే ఉంటుంది."

ఆమె గొంతులో ఏం వినపడిందో, చలోమ్ తన ఫోను నంబరు మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చెప్పి, ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

గురువారం ఫాయ్ ఏడున్నరకే తయారైంది. ఇవాళ డాక్టరు తొందరగా రమ్మన్నాడంది. తల్లి మంచినీళ్ళ సీసా నింపి, గొడుగు సంచిలో పెట్టి, "వాన పడేలా ఉంది, జాగ్రత్త," అని చెప్పి వెళ్ళింది. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక లమున్ నీలం చొక్కా వేసుకుంది. గుర్తింపు కార్డు జేబులో పెట్టి, బొత్తాం పెట్టుకుని, తెల్లకర్ర విప్పింది.

సందులో అరటికాయల మనిషి, "అక్కా, ఎటు పొద్దున్నే?" అన్నాడు. ఆమె ఆగలేదు.

రైలు, మూడో స్టేషను, రెండో నంబరు దారి. మోటారు సైకిలు కుర్రాడు ఆమెను వెనక గేటు నుంచి తీసుకెళ్ళి, వాలుగా ఉన్న దారి మీదుగా ఎక్కించి, లోపల వరండా దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. లోపల మైకులో నంబర్లు పిలుస్తున్నారు. చెప్పుల చప్పుళ్ళు, ముద్రలు కొట్టే చప్పుళ్ళు, కాగితాల యంత్రాల వేడి. ఆమె ఒక బెంచీ చివర కూర్చుని వింది. పదింపావు దాటాక ఎడమవైపు నుంచి, నాలుగో అయిదో బల్ల దగ్గర నుంచి, పుట్టినప్పట్నించీ తెలిసిన గొంతు వినిపించింది.

"అమ్మకి కళ్ళు కనపడవు సార్. అందుకే నేను వచ్చాను."

లమున్ లేచి ఆ గొంతు వైపు నడిచింది. కర్ర ఎవరి సంచికో తగిలింది, ఎవరో కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. బల్ల అంచు చేతికి తగిలేదాకా వెళ్ళి, ఆగింది.

"అమ్మా," అంది ఫాయ్.

"ఎవరండీ మీరు?" అన్నాడు బల్ల అవతల గుమాస్తా.

"లమున్. మీ చేతిలో కాగితం ఉంది చూడండి, అందులో లమున్ని నేనే." కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ కాగితం నాకు చదివి వినిపించండి. మొత్తం."

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "పిన్నిగారూ, ఇంత దూరం ఎందుకు శ్రమ, అన్నీ అయిపోయాయి, కాస్త అటు కూర్చుంటే..."

"చదవండి," అంది లమున్ గుమాస్తాతో.

అతను చదివాడు. రోజూ వంద కాగితాలు చదివే మనిషి చదివినట్టు, ఊపిరి తీసుకోకుండా. ఎనిమిదో అంతస్తు, పధ్నాలుగో నంబరు ఫ్లాటు. యజమానురాలు లమున్. సదరు ఫ్లాటును అమ్మడానికి, దాని సొమ్ము పుచ్చుకోవడానికి, స్వాధీనం చెయ్యడానికి, నా తరపున సంతకాలు చెయ్యడానికి, నా కూతురు కనిత్తాకు పూర్తి అధికారం. ఆమె చేసిన నిర్ణయం నేను చేసినట్టే.

పేర్లు పోను, చివరి వాక్యం ఒక్కటే ఫాయ్ చదివినదానిలో నిజం.

"సంతకం మీదేనా?"

"సంతకం నాదే. నాకు చదివిన మాటలు ఇవి కావు."

గుమాస్తా కుర్చీ ముందుకు జరిపి, గొంతు తగ్గించాడు. "అమ్మగారూ, మోసం చేసి సంతకం పెట్టించుకున్నారని మీరంటే అది పోలీసుల దాకా పోయే విషయం. అలాగని రాసుకోమంటారా?"

పక్కనే ఫాయ్ ఊపిరి వినిపిస్తోంది. చిన్నప్పుడు జ్వరంలో పీల్చినట్టు, పైపైన. వుత్ కూడా వచ్చినట్టున్నాడు, మగ చెప్పులు రెండడుగులు వెనక్కి వేశాయి.

"వద్దు. ఇచ్చిన అధికారం తీసేసుకుంటున్నానని రాయండి. అంతే రాయండి."

టైపు చేసే చప్పుడు చాలాసేపు సాగింది. ఏజెంటు ఎవరికో ఫోను చేస్తూ దూరంగా వెళ్ళాడు. కర్పూరం నూనె వాసన మాత్రం కదల్లేదు. టీచరు కుడిపక్కనే నిలబడి ఉంది.

"ఇదిగో అమ్మగారూ. మీకు చూపు లేదు కనుక దీన్ని బయటివాళ్ళెవరైనా మీకు చదివి వినిపించి, చదివానని కింద సాక్షి సంతకం పెట్టాలి. మా బల్లవాళ్ళు పెట్టకూడదు."

"ఇవ్వండి," అంది ఫాయ్.

అలవాటు. ఆమె చెయ్యి ముందుకు చాచినట్టు చొక్కా చేతి రాపిడి వినిపించింది. చాచాక ఆ పిల్లకు తెలిసొచ్చి ఉండాలి, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

లమున్ ముఖం కుడివైపు తిప్పింది. "టీచరుగారూ, మీరు చదువుతారా?"

ఆ కాగితం చదివితే ఆవిడకు ఆ ఇల్లు ఉండదు. నడిచి వెళ్ళే ఆసుపత్రి, నడిచి వెళ్ళే కూరల అంగడి ఏవీ ఉండవు. సంచి జిప్పు తెరుచుకుంది. కళ్ళజోడు పెట్టె టక్కుమంది.

"వెలుతురుకు అడ్డం, కాస్త జరగండి," అంది వాన్‌ఫెన్ గుమాస్తాతో, తరగతిలో పిల్లవాడికి చెప్పినట్టు.

చదవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి, ఆగాల్సిన చోట ఆగుతూ. లమున్ అనే నేను. ఫలానా తేదీన ఇచ్చిన అధికారాన్ని. ఈ రోజు నుంచి రద్దు. ఒకచోట గొంతు ఆగింది.

"క్షమించండి. మసగ్గా ఉంది, ఒక వరస వదిలేశాను. మళ్ళీ మొదట్నించి చదువుతాను."

మొదట్నించి చదివింది. రెండోసారి ఏ వరసా వదలలేదు. ఇల్లు యజమానురాలి పేరు మీదే కొనసాగుతుందన్న చివరి వాక్యం కూడా అదే గొంతుతో, అంతే నిదానంగా చదివింది. అట్ట తేలేదు కనుక లమున్ వేలిని టీచరే గీత మీద పెట్టింది. ఆ వేళ్ళు పొడిగా, గరుకుగా ఉన్నాయి. లమున్ పేరు కొంచెం పక్కకు పోయింది. వాన్‌ఫెన్ కింద తన పేరు రాసింది.

"మీ డబ్బు," అంది లమున్, "బయానా ఇచ్చి ఉంటారు."

"అది ఏజెంటు దగ్గరే ఉంది, నేను తీసుకుంటాలే." కళ్ళజోడు పెట్టె మళ్ళీ టక్కుమంది. "మొన్న మాలీషు చేయించుకున్నప్పుడు మీకు తెలియదన్నమాట."

"తెలియదండీ."

టీచరు నిట్టూర్చింది. "అయినా బాల్కనీ గడప తడుస్తుందని చెప్పారు," అంది. లమున్ భుజం మీద చెయ్యి వేసి తీసేసి, తన మోకాళ్ళ మీద బరువుగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వుత్ ఫాయ్‌తో ఏదో గొణిగి, కారు దగ్గర ఉంటానని వెళ్ళాడు. ముందు వరండాలో బయటికి నడుస్తుంటే ఫాయ్ వెనకే వచ్చింది. ఆమె ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేదని లమున్‌కు అనిపించింది.

"నన్నెప్పుడన్నా అడిగావా నువ్వు?" అంది ఫాయ్. "నాలుగో ఏట్నించీ నీకు చదువుతున్నాను. ఫ్రెండ్సుతో సినిమాకి వెళ్తే మధ్యలో ఫోను, ఈ సీసా ఏంటే, ఈ కాగితం ఏంటే అని. ఆ ఇల్లు ఉన్నన్నాళ్ళూ నువ్వు కదలవు, నువ్వు కదలకపోతే నేను కదల్లేను. అక్కడికొస్తే మా అందరితో ఉండేదానివి. పని మానేసేదానివి. నీకు చెడు చెయ్యాలని చెయ్యలేదమ్మా."

"తెలుసు."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"మరి?"

లమున్ ఆగింది. "ఆ లేదు అనేది నేననాలి కదా ఫాయ్. అది కూడా నువ్వే నా బదులు చదివేశావు."

లమున్ మళ్ళీ నడిచింది.

"మంగళవారం రాత్రి అన్నాలయ్యాక మళ్ళీ చదవమన్నాను. ఎందుకన్నానో తెలుసా?"

"ఇప్పుడు తెలుస్తోంది," అంది ఫాయ్.

"వుత్ దగ్గరికి వెళ్ళిపో. బట్టలు ఆదివారం వచ్చి తీసుకెళ్ళు, నేను పనిలో ఉంటాను. ఇక నాకేమీ చదవక్కర్లేదు నువ్వు. నీకూ తీరిక దొరుకుతుంది."

ఆ చివరి మాట ఎగతాళిగా అనాలనుకుంది. అలా రాలేదు.

వానచుక్కలు మొదలైన చల్లదనం ముఖానికి తగిలింది. గుమ్మం దగ్గరికి వచ్చినట్టున్నారు. లమున్ వచ్చింది వెనక గేటు నుంచి, ఈ వైపు ఆమెకు తెలియదు. ఫాయ్ మోచెయ్యి, ఇరవై ఏళ్ళుగా ఉండే చోటే, ఆమె చేతికి అందేంత దూరంలో వచ్చి నిలిచింది. లమున్ పట్టుకోలేదు. కాసేపటికి అది వెనక్కి పోయింది.

"మూడు మెట్లున్నాయమ్మా," అంది ఫాయ్ మెల్లగా.

లమున్ కర్ర దించింది. అంచు తగిలింది. దిగింది. ఆగి, మళ్ళీ దించింది, దిగింది. మూడోది కూడా అలాగే తడిమి చూసుకుని దిగింది. అప్పుడు కూడా అడుగు వెయ్యలేదు. కర్ర కొసను తడి నేల మీద ఇటూ అటూ ఆడించి, నాలుగో మెట్టు కోసం వెతికింది. లేదు. మూడే ఉన్నాయి.

అప్పుడు నడక మొదలుపెట్టింది.